బయటికి రాండి

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి మందుల గదిలో యోబు కాంపౌండరు. ఆదివారం పూట చర్చిలో హార్మోనియం ముందు కూర్చుని పాటల బృందాన్ని నడిపించేది కూడా ఆయనే. అందరూ ఆనందం అని పిలిచే ఆయన కొడుకు ప్రేమానందం నోరు తెరిచి పాడితే వెనక బెంచీల్లో కునికే ముసలివాళ్ళు తలలెత్తేవాళ్ళు. కూతురు సుందరమ్మ నోరు తెరిస్తే పక్కనున్న పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వేవాళ్ళు. ఆమెది బొంగురు గొంతు. కింది స్వరంలో మగవాడిలా ఉండేది, పైకి పోతే రేకు చీరినట్టుండేది. ఆమె ఇంకా పావడా కట్టే వయసులోనే యోబు ఒకనాడు పక్కకు పిలిచి, పెదాలు మాత్రం కదిలించమని, శబ్దం రానివ్వొద్దని చెప్పాడు. కోపంగా కాదు, మెల్లగానే చెప్పాడు. సుందరమ్మ అది న్యాయమే అనుకుంది. నర్సు చదువు అయి, అదే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాల్లో ఆమె అట్లా పెదాలు కదుపుతూనే నిలబడేది.

ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి హెలెన్ అనే అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకు మళ్ళీ నడక, పని నేర్పించడం ఆమె చదువు. ఆ ప్రాంతంలో ఆమెకు పని కొరత లేదు. నాటుబాంబులకు కాళ్ళు పోయినవాళ్ళు, కొడవళ్ళకు వేళ్ళు పోయినవాళ్ళు వార్డు నిండా ఉండేవాళ్ళు. రెండు పార్టీలవాళ్ళనూ పక్కపక్క మంచాల మీద వేయకూడదన్న సంగతి హెలెన్‌కు మొదట చెప్పింది సుందరమ్మే. ఇంగ్లీషు కొంచెం వచ్చు కాబట్టి ఆమె మాటలను రోగులకు తెలుగులో చెప్పే పని కూడా సుందరమ్మ మీదే పడింది.

ఒక మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు ఇవ్వడానికి హెలెన్ గదికి పోతే లోపల టేప్ రికార్డరు మోగుతోంది. గిటారును ఎవరో గీరుతున్నట్టుంది. డోలు ఒక్కో దెబ్బా ఆలస్యంగా పడుతోంది. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు అందుకుంది. సుందరమ్మ దుప్పట్లు చేతుల్లో పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది. అది తన గొంతు. అదే బొంగురు, అదే చీలిక. ఆ మనిషి దాన్ని దాచుకోవడం లేదు. ఎక్కడ చీలుతుందో అక్కడే గట్టిగా పాడుతోంది.

హెలెన్ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. ఆ క్యాసెట్టులో ఉన్నది ఒకే పాట, రెండువైపులా అదే. వాళ్ళ దేశంలో ఒక్క పాటనే అట్లా విడిగా అమ్ముతారట, సింగిల్ అంటారట. రాక్ పాటే గానీ పెద్ద పెద్ద కంపెనీల బాటలో పోని రకమట. పాడినామెకు సొంత బృందం లేదు, ఒంటరి గాయని. వాళ్ళ ఊరి బొగ్గు గనులు మూసేశాక పనిలేని మగవాళ్ళంతా తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చుండిపోతే, బయటికి రండి, వచ్చి చూడండి అని వాళ్ళను పిలుస్తోందట. ఆమెకు సంగీతం ఎవరు నేర్పించారని సుందరమ్మ అడిగింది. నీకు పాట రాదు పొమ్మని అందరూ అన్నారట ఆమెను, అని హెలెన్ నవ్వింది.

ఏడాది తిరిగి హెలెన్ వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఆ క్యాసెట్టును సుందరమ్మకు ఇచ్చి పోయింది. మాటలు సగమే అర్థమైనా పాట మొత్తం సుందరమ్మకు నోటికి వచ్చేసింది. దుప్పట్లు మడతపెట్టే గదిలో ఎవరూ లేనప్పుడు పాడుకునేది. తమ్ముడు ఆనందం ఒకసారి తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాడు.

"అక్కా, ఇన్నేండ్లూ నాయన మనకు తిరగేసి చెప్పినాడు. పెదాలు కదిలియ్యాల్సింది నేను, పాడాల్సింది నువ్వు" అన్నాడు.

సుందరమ్మ జీవితంలో ఎవరైనా ఆమె పాట గురించి అన్న మొదటి మంచిమాట అది. ఆనందం ఆ క్యాసెట్టును ప్రొద్దుటూరు తీసుకుపోయి జిలానీ రికార్డింగ్ సెంటరులో తనకొక కాపీ చేయించుకున్నాడు. తన జీపులో పెట్టుకున్నాడు.

జీపు అతనిది కాదు. పులివెందుల వైపు ఒక నాయకుడుండేవాడు. ఆయన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, పెద్దాయన అంటారు. ఆనందంతో పాటు ఐటిఐ చదివిన ఓబులేసు సింహాద్రిపురం వాడు, పెద్దాయన దగ్గర మనుషులను చూసుకునే పనిలో ఉండేవాడు. ఎక్కడా ఉద్యోగం దొరక్క తిరుగుతున్న ఆనందాన్ని అతనే తీసుకుపోయి డ్రైవరుగా పెట్టించాడు. యోబుకు అది ఇష్టం లేదు. బండి తోలడమే తన పని, కొట్లాటలతో తనకు సంబంధం లేదని ఆనందం చెప్పాడు. అది నిజం కూడా. అతను కొడవలి పట్టింది లేదు.

ఎండలు ముదురుతున్న కాలంలో ఒక ఉదయం ముద్దనూరు దాటాక రైలు గేటు దగ్గర జీపు ఆగింది. రెండువైపుల నుంచీ బాంబులు పడ్డాయి. జీపులో ఆనందం తప్ప ఎవరూ లేరు. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం పోయింది. ఒళ్ళు కడిగి గుడ్డ చుట్టింది సుందరమ్మే. వేరే నర్సులు వద్దన్నా వినలేదు.

శవం దగ్గర కూర్చుని ఏడుస్తూ ఓబులేసు ఒక మాట జారాడు. పెద్దాయన ఆ రోజు వెనక కారులో వచ్చాడట. ఎదుటిపార్టీవాళ్ళు దారిలో కాపు కాశారని వేగు వచ్చింది కాబట్టి, ఎప్పుడూ తాను తిరిగే జీపును ఖాళీగా ముందు పంపాడట. ఆనందానికి ఆ సంగతి తెలుసా అని సుందరమ్మ అడిగింది. ఓబులేసు ఏడుపు ఆపి నేలచూపులు చూశాడు. 

పెన్న ఒడ్డున క్రైస్తవుల శ్మశానంలో సమాధి చేశారు. గోడ బయట పెద్దాయన పార్టీ జీపులు బారులు తీరి నిలబడ్డాయి. ప్రొద్దుటూరు నుంచి వీడియో తీసేవాడిని కూడా పార్టీవాళ్ళే పిలిపించారు. పెద్దాయన కారు గేటు ముందరిదాకా వచ్చి ఆగింది. నల్ల అద్దాలు ఎత్తే ఉన్నాయి. ఆయన దిగితే ప్రమాదమని, లోపల నుంచే నమస్కారం పెడుతున్నాడని మనుషులు చెప్పుకున్నారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి పాట ఎత్తమని యోబుకు సైగ చేశాడు. యోబు నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. జనమంతా తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు.

అప్పుడు సుందరమ్మ పాడింది. ముందుగా అనుకుని పాడింది కాదు. ఆ ఇంగ్లీషు పాట వరస దానంతటదే వచ్చింది, మాటలు మాత్రం అక్కడికక్కడ తనవే పుట్టాయి.

"బయటికి రాండి, వచ్చి చూడండి
మీ బండి తోలిన చేతులు చూడండి
అద్దం దించండి, మొగం చూడండి
బయటికి రాండి."

ఆమె చర్చివాళ్ళను చూడలేదు, సమాధినీ చూడలేదు. కారు వైపు తిరిగి, గొంతు ఎక్కడ చీలుతుందో అక్కడే గట్టిగా పాడింది. మట్టి పోసేవాళ్ళు పారలు ఆపేశారు. ఆడవాళ్ళు బిగ్గరగా ఏడ్చారు. కారు అద్దం దిగలేదు. కాసేపటికి బండి వెనక్కి తిరిగి పులివెందుల దారి పట్టింది.

ఆ నెలలోనే ఎన్నికలు ప్రకటించారు, పెద్దాయన పోటీకి దిగాడు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్టాండు మీదుగా వస్తున్న సుందరమ్మకు తన గొంతు వినిపించింది. పార్టీ జీపు మీద రెండు మైకులు కట్టి ఉన్నాయి. వెనక గిటారు గీరుతోంది, డోలు ఆలస్యంగా పడుతోంది. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళంతా మాటలు ఆపి వింటున్నారు. సోడా కొట్టేవాడు కూడా చెయ్యి ఆపాడు. ఆమెకు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఒళ్ళు పులకరించింది. ఇంత బజారు తన గొంతుకు నిలబడింది. ఆ తర్వాత మాటలు చెవిన పడ్డాయి. బండి తోలిన చేతులు లేవు. అద్దం లేదు. బయటికి రాండి, వచ్చి చూడండి, మొగం చూడండి, బయటికి రాండి. అంతే. అదే మళ్ళీ మళ్ళీ. ఆ పాటను పార్టీ జీపు మీద కట్టుకుని ఎదుటివాడి ఊరి ముందు తిప్పితే అది పిలుపు కాక సవాలవుతుందని అక్కడ సోడా తాగుతున్న వాళ్ళకు కూడా తెలుసు.

మరుసటి రోజే సుందరమ్మ ప్రొద్దుటూరు పోయింది. బంగారు అంగళ్ళ సందు చివర ఉంటుంది జిలానీ సెంటరు. బల్ల మీద కొత్త క్యాసెట్లు పేర్చి ఉన్నాయి. అట్ట మీద ఆనందం ఫొటో, పక్కన పార్టీ రంగులు. రెండువైపులా ఒకే పాట. జిలానీ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆనందం కాపీ చేయించుకున్నప్పుడే ఆ ఇంగ్లీషు వరస తనకు తెలుసని, వీడియోలో ఆమె పాట వినగానే వెనక ఆ వాయిద్యమే వేశానని ఏదీ దాచకుండా చెప్పాడు.

"ఓబులేసు పక్కన కూచోని ఈ మాట తియ్యి, ఈ మాట ఉంచు అని చెప్పినాడమ్మా. తియ్యనంటే నా అంగడి ఉంటాదా?" అన్నాడు. ఆమె కళ్ళలోకి చూడకుండా ఇంకో మాట కూడా అన్నాడు. "ఒకటి మాత్రం నిజం. ఇట్లాంటి గొంతు ఈ రికార్డింగు మిషన్‌లో ఎన్నడూ ఎక్కల్యా."

ఇక అడగాల్సినవాడు ఒక్కడే మిగిలాడు. యోబు వద్దు వద్దంటూనే కూతురి వెంట పులివెందుల వచ్చాడు. పెద్దాయన ఇంట్లో వాళ్ళను వాకిట్లో నిలబెట్టలేదు. లోపలికి పిలిచి కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించాడు. ఆనందం తనకు కొడుకులాంటివాడని, అతని ఫొటోకు రోజూ దండ వేయిస్తున్నానని చెప్పాడు. యోబు కుర్చీ అంచున కూర్చుని చేతులు కట్టుకున్నాడు. సుందరమ్మ కాఫీ ముట్టుకోలేదు.

"ఆ పాట మీ పార్టీకి పాడింది కాదు సార్. మీరు కారు దిగలేదని పాడినా. మిమ్మల్నే పిలిచినా" అంది.

గదిలో ఉన్న ఓబులేసు గోడకు అతుక్కుపోయాడు. పెద్దాయన కోప్పడలేదు. మీసం సవరించుకుంటూ ఆమెను చాలాసేపు చూశాడు.

"నాకు తెలుసమ్మా. ఆ పొద్దు కార్లోనే అర్థమయింది. నువ్వు ఎవుర్ని పిలిచినావో నీకు తెలుసు, నాకు తెలుసు. జనానికి తెలియాల్సిన పని లేదు. ఇప్పుడది పార్టీ పాట."

 వాళ్ళను బస్సు దాకా దించమని ఓబులేసుకు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. యోబు లేచి, పోదాం పామ్మా అన్నాడు.  ముద్దనూరు రైలు గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు యోబు కిటికీ వైపు నుంచి తల తిప్పుకున్నాడు.

పోలింగు ఇంకా వారముందనగా సింహాద్రిపురం దగ్గరి ఒక ఊరి నుంచి ఆసుపత్రికి ఒక మనిషిని తెచ్చారు. కడప దారిలో కాపు కాస్తారన్న భయంతో ఇంత దూరం తెచ్చారు. పేరు హుమాయున్, దర్జీ. కడుపులో, తొడల్లో బాంబు పెంకులు. వెంట భార్య ఖాతూన్‌బీ వచ్చింది. ఆ ఊరు పెద్దాయనకు ఎదుటిపార్టీది. పార్టీ జీపు ఊరి నడిబజారులో ఆగి పాట పెట్టిందని, అందరూ తలుపులు మూసుకున్నా ఇతనొక్కడు వీధిలోకి వచ్చాడని పోలీసులు రాసుకున్నారు.

డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. సుందరమ్మ రాత్రీ పగలూ ఆ మంచం దగ్గరే ఉంది. కట్లు మార్చేటప్పుడు, మందు తాగించేటప్పుడు నోటితో ఏమీ చెప్పకుండా చేతులతోనే సైగ చేసేది. ఒకసారి మాత్రం హుమాయున్ మంచం మీద నుంచి జారబోతే, పట్టుకోక్కా అని అరిచింది. ఖాతూన్‌బీ భర్తను పట్టుకుంది. పట్టుకుని, తలెత్తి సుందరమ్మ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత వరండాలో ఆమే అడిగింది.

"ఆ పాట నీదేనా?"

 నాదేనంది సుందరమ్మ. తిడుతుందనుకుంది, కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది. ఖాతూన్‌బీ కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా మాట్లాడింది.

"మా ఇంటాయనకు పార్టీలు తెలీవు. మిషన్ కుడతాండె. పాట ఇని లేసినాడు. పోవాకు అని చెయ్యి పట్టుకున్యా. ఎవురో ఆడమనిసి పిలుస్తాంది, ఏం కష్టమొచ్చిందో ఏమో, ఒక్కురూ పోకుంటే ఎట్ల, సూసొస్తా అన్యాడు. కొలతల టేపు మెడలో అట్లే ఉండె."

సుందరమ్మ ఆమె పక్కన వరండా మెట్టు మీద కూర్చుంది. పాట పాడినప్పటి నుంచీ అది విని నిజంగా బయటికి వచ్చిన మనిషి ఇతనొక్కడే. పాటను అది చెప్పినట్టే అర్థం చేసుకున్నవాడు కూడా ఇతనొక్కడే. ఆ మాట ఆమె ఖాతూన్‌బీతో చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి.

హుమాయున్ పోలింగుకు ముందు రోజు చనిపోయాడు. అతని శవం మీద ఎదుటిపార్టీవాళ్ళు తమ జెండా కప్పారు. అతను తమ మనిషేనన్నారు. వాళ్ళు కూడా ఒక క్యాసెట్టు చేయించారు. వరస అదే. ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళకు పాడే ఒకామెతో గొంతు బొంగురు చేయించి పాడించారు. అట్ట మీద హుమాయున్ ఫొటో వేశారు. రికార్డు చేసింది జిలానీయే. పోలింగు రోజు పొద్దున ఆసుపత్రి ముందు నుంచి రెండు పార్టీల జీపులూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. రెండు మైకుల్లోనూ బయటికి రాండి అనే వినిపించింది. వార్డులో కాలు లేని ఒకతను తలగడ తీసి చెవులకు అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దాయన గెలిచాడు. ఆనందం కేసులో సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. హుమాయున్ కేసులో సాక్షి ఖాతూన్‌బీ ఒక్కతే. బాంబు వేసినవాడిని, జీపులో ముందు కూర్చున్న ఓబులేసును ఆమె తలుపు సందులోంచి చూసింది. చూసిందంతా కోర్టులో చెబుతానని సుందరమ్మకు మాట ఇచ్చింది. వాయిదాల కోసం జమ్మలమడుగు వచ్చినప్పుడల్లా సుందరమ్మ దగ్గరే అన్నం తినేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అయినా ఆమె వస్తుందంటే సుందరమ్మ పొద్దున్నే లేచి కూర చేసేది. ఆ కేసు తప్ప సుందరమ్మకు ఎదురుచూడటానికి మరేమీ మిగల్లేదు.

ఆ మధ్యలో ఒకనాడు సుందరమ్మ హెలెన్ ఇచ్చిన క్యాసెట్టు తీసి పెట్టుకుంది. పాటలో తప్పేమీ లేదు. ఆ మనిషి ఎప్పటిలాగే తన ఊరి మగవాళ్ళను పిలుస్తోంది. సగంలోనే మీట నొక్కి ఆపేసింది. ఆ తర్వాత చర్చికి పోవడం కూడా మానింది. వార్డులో సైగలతోనే పని నడిపింది. కొత్త రోగులు ఆమెను మూగమనిషి అనుకునేవాళ్ళు. యోబు ఒకసారి ఆమె పక్కన కూర్చుని, ఆమె చిన్నతనంలో పెదాలు మాత్రం కదిలించమని తాను చెప్పి ఉండాల్సింది కాదన్నాడు. నువ్వు చెప్పిందే సరి నాయనా అని ఆమె జవాబిచ్చింది.

రెండేళ్ళు తిరక్కముందే ఎదుటిపార్టీ నాయకుడు పెద్దాయన పార్టీలో చేరాడు. ముద్దనూరులో సభ పెట్టారు. ఇద్దరూ ఒకే వేదిక మీద కావలించుకుని ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్నారు. ఈ ప్రాంతం శాంతిని కోరుకుంటోందని మాట్లాడారు. ఆ సభలో ఏ పాటా పెట్టలేదు. మిగిలిపోయిన రెండు రకాల క్యాసెట్లనూ జిలానీ చెరిపేసి వాటిమీద పెళ్ళి పాటలు ఎక్కించి అమ్మాడని జనం చెప్పుకున్నారు.

వాయిదా ఉన్న ఒక రోజు ఖాతూన్‌బీ మధ్యాహ్నానికి కాకుండా పొద్దుగూకే వేళకు ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. రెండు వైపులవాళ్ళూ కలిసి ఇంటికి వచ్చారట. మనం మనం ఒకటైపోయినాం, ఇంకా కేసెందుకన్నారట. ప్రొద్దుటూరులో కాలనీ ఇల్లు ఇప్పిస్తామన్నారట. కాదంటే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదట, చెప్పనక్కరలేదట.

"తలుపు మూసింటి, ఎవుర్నీ సూడలేదని సెప్పినా కోర్టులో" అంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "నువ్వైతే ఏం సెప్పుందువు?"

సుందరమ్మ రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద ప్రొద్దుటూరు బస్సు వచ్చి ఆగింది.

"నేనైనా అదే చెప్పుందును. పోక్కా, బస్సు పోతాది" అంది.

ఖాతూన్‌బీ తల ఊపి పరుగెత్తుకుంటూ పోయి బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. సుందరమ్మ గేటు వేసి వార్డులోకి వెళ్ళింది. సాయంత్రం కట్లు మార్చే వేళయింది. మొదటి మంచం దగ్గర ట్రే దించి, పాత గుడ్డ విప్పడం మొదలుపెట్టింది.